గింజల కూలి

రంజాన్ పండుగ దాటాక వచ్చిన మొదటి శుక్రవారం, పొద్దున పదిన్నరకు జరిగింది ఇది. ఈ అరబ్బు దేశంలో, సబ్హాన్‌లో మేం పనిచేసే గోదాము వెనక, మెస్ గది ముందు బియ్యం బస్తాలు దింపారు. ఇకనుంచి జీతంతో పాటు తిండి డబ్బులు ఇవ్వరట, బియ్యం కొలిచి ఇస్తారట. గిన్నె ముందుకు పట్టినవాడు ఒప్పుకున్నట్టే.

నా గదిలో ఉండే కడప తమ్ముడికి షుగర్. డాక్టర్ అన్నం మానెయ్యమన్నాడు. తిండి డబ్బులతో అబ్బాసియాలో జొన్నపిండి కొని రెండు పూటలా రొట్టె కాల్చుకుంటాడు. జీతమంతా ఇంటి అప్పుకే పోతుంది. నలభై దాటిన నాకు అక్షరాలు దిద్దించింది వాడే. ఆ బియ్యం వాడేం చేసుకోవాలి?

క్యాంపు ఇన్‌చార్జి గోదావరి వైపు మనిషి, డిగ్రీ చదివాడు. బస్తా మీద చెయ్యేసి మొదలుపెట్టాడు.

"ఇది కొత్తేం కాదండీ. ఈ పక్క ఇరాక్‌లో వేల ఏళ్ల కిందటే కూలోళ్లకి బార్లీ కొలిచి ఇచ్చేవారు. అంతంత గోడలు అలాగే లేచాయి. ధరలు పెరిగితే డబ్బు తరుగుద్ది. బియ్యం తరగదు కదండీ?"

నాకు మండింది.

"ఆ బార్లీ తిన్నోన్ని అడిగినవా సారూ, మంచిగున్నదా అని?"

"ఎప్పుడో పోయినోణ్ణి ఎలా అడుగుతానండీ పెద్దాయనా?"

అందరూ నవ్వారు.

"నన్నడుగు. నేనింకా పోలే."

మా నాయన దొర కళ్లంలో గింజల కూలికే ఒళ్లు హూనం చేసుకున్నాడు. కొలిచేవాడు మానికలో బొటనవేలు ముంచి పట్టేవాడు. ఆ వేలు మందాన గింజలు దొరవే. ఆడమనిషని అమ్మకు ఇంకా చిన్న కొలత. ఇంటికి తెచ్చాక ఉప్పు కావాలి, దీపంలోకి నూనె కావాలి. షావుకారు దగ్గరికి పోతే కోతల రోజుల్లో గింజలకు ధర లేదని సగానికి తీసుకునేవాడు. వానల్లో అవే గింజలు మాకు అప్పిచ్చేటప్పుడు ధర ఎక్కడినుంచి ఊడిపడేదో! గింజలు తరగవట. మా చేతిలో ఉన్నంతసేపూ తరుగుడే. ఆ బార్లీ మనిషికి మాత్రం ఉల్లిగడ్డ అక్కర్లేదా, కట్టుకోను బట్ట అక్కర్లేదా? వాడి గింజలకు ధర కట్టిందెవడు?

ఇదంతా అక్కడే అరిచి చెప్పాను. ఇన్‌చార్జి వాచీ చూసుకుని "యల్లా, ఖలాస్" అని నా మాట తెంచేసి కొలత డబ్బా వంటవాడి చేతికిచ్చాడు. వంటవాడు జగిత్యాల పిల్లగాడు, మావాడే. డబ్బా బస్తాలో ముంచి లేపాడు. బొటనవేలు లోపలే ఉంది.

"ఏలు తియ్‌రా!"

"అలవాటు కాకా," అని ఇకిలించాడు.

మొదట గిన్నె పట్టింది ఎవరు? మా కడప తమ్ముడు.

"నీకెందుకురా బియ్యం, సావనీకా?"

"వచ్చే నెల ఇఖామా అయిపోతాదిన్నా, ఈడ ఉండే కాగితం మళ్లీ వీళ్లే రాయించాల. వీళ్లతో కొట్లాడి యాడికి పోవల్ల? అబ్బాసియాలో అమ్మి పిండి తెచ్చుకుంటాలే."

"ఆడ సగం ధర గూడ కట్టరు."

"తెల్సున్నా."

నా గిన్నె నేలమీద బోర్లించాను. నాకు ఆ నెల బియ్యమూ లేదు, డబ్బూ లేదు.

సాయంత్రం వాడితో అబ్బాసియాకు పోయాను. దుకాణదారు గింజలు అరచేతిలో పోసుకుని చూసి, "పొద్దున్నుంచి మీ క్యాంపు బియ్యమే వస్తున్నాయి" అని ధర ఇంకా దించాడు. వచ్చిన పిండి రోజుకు ఒక పూటకే సరిపోతుంది. రెండో పూట, అమ్మకుండా మిగుల్చుకున్న బియ్యం వండుకుని వాడు అన్నమే తింటున్నాడు. నా కళ్లముందే తింటున్నాడు.

ఆ పొద్దున అక్కడ ఎవరెవరున్నారో రాస్తున్నాను. పేర్లు రాస్తే ఇఖామాలు పోతాయి. బార్లీ సంగతి చెప్పిన ఇన్‌చార్జి, ఆయనకు తిండి డబ్బులు ఆగలేదు. వేలు ముంచిన వంటవాడు. ఫోన్ల నుంచి తలెత్తని డ్రైవర్లిద్దరు. నాతో పాటు బరువులు మోసే నిజామాబాద్ వాళ్లు, ముందు నవ్వారు, తర్వాత వరసలో నిలబడ్డారు. బోర్లించిన గిన్నె పక్కన నేను. అందరికంటే ముందు, రెండు చేతులా గిన్నె పట్టుకుని, కడప తమ్ముడు.