క్లాన్‌మెల్ వారి పెళ్ళి

బర్మాలో, చౌక్తడా పేటలో మేముండే పాత మేడ నెత్తిన ‘క్లాన్‌మెల్’ అని సిమెంటుతో పోసిన ఇంగ్లీషు అక్షరాలున్నాయి. కింద దోసెలు పోసే తులసమ్మ ఇంటిపేరు కూడా అదే. నవ్వకండి. గంజాం నుంచి పసితనంలోనే వచ్చిన ఆమె మామగారికి అసలు ఇంటిపేరు తెలియదు. వీధివాళ్ళు ‘క్లాన్‌మెల్ వాళ్ళు’ అని పిలవగా పిలవగా అదే స్థిరపడింది. బర్మావాళ్ళకు ఇంటిపేర్ల గొడవే లేదు. మనకేమో అది లేనిదే పెళ్ళి మాట కదలదు.

తులసమ్మకు ఆ పేరంటే మహా గీర. గుడికి గంట ఇస్తే దానిమీద కూడా ‘క్లాన్‌మెల్ తులసమ్మ’ అని చెక్కించింది. నోరు పెద్దది. అడక్కుండానే చట్నీ వేస్తుంది, దోసె ముక్క వదిలితే తిడుతుంది. ఆ తిట్లు తింటూ నేను ముసలివాణ్ణయ్యాను. నాకు ఆవిడంటే ఇష్టం.

మనవరాలు జయంతి నది అవతలి తన్లిన్ ఊరి కుర్రాడు సుశాంత్‌ను ఇష్టపడింది. కుర్రాడి నాయనమ్మ బాలామణి పిల్లను చూడ్డానికి వచ్చింది. పిల్ల నచ్చింది, దోసెలు ఇంకా నచ్చాయి. అప్పుడు తులసమ్మ అడిగింది.

“మీ ఇంటిపేరు ఏటి వదినా?”

“క్లాన్‌మెల్ వోళ్ళం. మా మావగారు ఈ మేడలోనే ఉండేవోరట. సమురు ఫ్యాక్టరీలో పని దొరికి తన్లిన్ ఎలిపోనారు.”

తులసమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద దోసె మాడింది. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళ వరస. గోత్రాలు చూద్దామంటే ఎవరికీ గుర్తులేవు.

“అయితే మనం తోటికోడళ్ళమే అక్కా,” అని బాలామణి కళ్ళు తుడుచుకుంది. జయంతి పైకి పోయి తలుపేసుకుంది.

ఆ తర్వాత చాలా రోజులు చట్నీలో ఉప్పెక్కువే. నాకు ఒళ్ళు మండింది. “సిమెంటు అక్షరాలకు చుట్టరికమేమిటి తులసమ్మా?” అన్నాను.

“మీకు తాతలిచ్చిన పేరుంది. ఊరుకోండి బాబూ,” అంది.

ఒక పొద్దున జయంతి ఫోను పట్టుకొని దిగింది. “మామ్మా, ఇది ఐర్లాండ్‌లో ఒక ఊరట. వాళ్ళ భాషలో క్లూన్ అంటే పచ్చికబయలు, మ్యాలా అంటే తేనె. ఆ ఊరి దొరెవరో మేడకి పెట్టుకునుంటాడు.”

“తేనె బయలా? ఊరు పెద్దదేనా?”

“పెద్దదే. నది కూడా ఉంది.”

“మరి ఆ ఊరోళ్ళు పెళ్ళిళ్ళకి పక్కూరు పోతారేటి?”

“ఎందుకు పోతారు? ఊళ్ళోనే చేసుకుంటారు.”

తులసమ్మ కాసేపు పెనం వంక చూసింది. ఠక్కున పొయ్యి ఆర్పేసింది. దోసెల కోసం ఎదురుచూస్తున్న ప్లీడరు గుమస్తాలు లబోదిబోమన్నారు. వాళ్ళను పట్టించుకోకుండా తన్లిన్ బస్సెక్కింది. చూడకుండా ఉండలేక నేనూ ఎక్కాను.

గుమ్మంలో బాలామణి “రా అక్కా,” అంది.

“అక్క గాదు. ఇను. ఇది మన తాత పేరు గాదు, ఒక ఊరి పేరు. ఊరోళ్ళంతా అన్నసెల్లెళ్ళయితే ఏ ఊళ్ళోనూ పెళ్ళి బాజా మోగదు. ఆళ్ళు తేనె అని పేరెట్టుకున్నారు. మనం పిల్లలకి ఇసం సేసి పోద్దామా?”

బాలామణి లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

“కాళ్ళు కడుక్కో వదినా,” అంది.

ఆ వరస వినగానే నా కళ్ళు చెమర్చాయి. తులసమ్మ మాత్రం కాళ్ళు కడుక్కుంటూనే పెళ్ళివంటల సంగతి ఎత్తింది.

పెళ్ళి వైభవంగా జరిగింది. అప్పగింతల్లో జయంతి ఏడ్చింది, తల్లి ఏడ్చింది, బాలామణి కూడా ఏడ్చింది. తులసమ్మ ఒక్కతే నవ్వుతూ మనవరాలి బుగ్గలు తుడిచింది.

“ఏడవకే. నా పుట్టింటి పేరు నాను పెళ్ళిపీటల మీదే వొదిలీసినాను. నువ్వు నీ ఇంటిపేరు నీతోనే అట్టుకెళ్తున్నావు.”