పర్వాలేదన్న మాట

బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలో రక్తపింజర కరిచిన మూడో రోజున నాకు మూత్రం ఆగిపోయింది. కాటు మానుతోంది కదా అని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉన్నారు. నాకు మాత్రం పొద్దున్నుంచి ఒక్క చుక్క రాలేదు, ముఖం ఉబ్బింది. చావు భయమంటే ఏమిటో ఆరోజు తెలిసింది.

తిరుపతి ఆసుపత్రిలో బ్లడ్ యూరియా చూసి డాక్టరుగారు, "అక్యూట్ రీనల్ ఫెయిల్యూర్. కిడ్నీలు కోలుకునేదాకా డయాలసిస్ చెయ్యాల" అన్నారు. అంతకుముందైతే దానికి మద్రాసు పోవాల్సి వచ్చేది. ఇక్కడ మిషన్ అప్పుడే వచ్చింది, అదీ పరీక్షించి చూడడానికి తెచ్చింది. బాగుంటే ఉంచుకుంటారు, లేకుంటే కంపెనీకి తిప్పిపంపుతారు. అందుకని డయాలసిస్ అయ్యాక డాక్టరుగారే కాగితం పట్టుకొచ్చి, ఎలా ఉందని రోగుల్ని అడిగేవారు.

మొదటిసారే గంట గడిచేసరికి పళ్లు టకటకలాడేంత చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. పక్క మంచం మునెమ్మక్కకూ తన వంతులో అంతే. పాకాల స్టేషన్ దగ్గర ఇడ్లీలమ్మే మనిషి, వాంతులూ విరేచనాలతో ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. కాగితం రాకముందే నా వైపు తిరిగి, "బాగలేదంటే మిషన్ ఎత్తుకపోతారబ్బా. అప్పుడు మన గతేంది? నోరెత్తొద్దు" అనింది. నాకూ అదే భయం. ఇద్దరం "పర్వాలేదు సార్" అన్నాం. మనకు అలవాటే కదా, పెద్దవాళ్లు అడిగితే ప్రాణం మీదికొచ్చినా పర్వాలేదనే అంటాం. ఆయన 'నో కంప్లయింట్స్' అని రాసుకున్నారు. రెండోసారీ అంతే జరిగింది.

మూడోసారి మునెమ్మక్కకు చలితోపాటు జ్వరం ముంచుకొచ్చింది. బీపీ పడిపోయింది. తర్వాత వంతు నాది. మిషన్ తగిలించబోతుంటే వద్దని ఆపాను. ఇక దాచలేక డాక్టరుగారికి మొదటిరోజు నుంచీ జరిగిందంతా చెప్పేశాను.

ఆయన తాను రాసుకున్న కాగితాలు తిరగేశారు. "తిప్పిపంపేదానికే కాదప్పా అడిగింది. లోపముంటే సరిచేసుకుందామని అడిగినా" అన్నారు. వెంటనే మిషన్ ఆపి, అందులోకి వచ్చే నీళ్లు పరీక్షకు పంపారు. మిషన్ ఆగిన ఆ రెండు రోజులూ నా నోటితో నేనే చావు తెచ్చుకున్నానేమో అని ఏడ్చాను. లోపం నీళ్లలోనే ఉందని తేలింది. ట్యాంకు కడిగి ఫిల్టరు మార్చాక నాకు మళ్లీ చలి రాలేదు. మిషన్ ఉండిపోయింది. మునెమ్మక్క మాత్రం ఈలోపే పోయింది.

మూడు వారాలకు నాకు మూత్రం సాఫీగా రావడం మొదలైంది. ఇప్పుడు తోటపని చేసుకుంటున్నాను, అప్పుడప్పుడు కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటాను. రైల్లో పోయేటప్పుడు పాకాల వస్తే కిటికీలోంచి బయటికి చూడలేను.

మీకు చెప్పేదొకటే. ఎలా ఉందని డాక్టరు అడిగితే అది వట్టి పలకరింపు అనుకోవద్దు. చలి పుడితే పుట్టిందని చెప్పండి, ఎప్పుడు మొదలైందో కూడా చెప్పండి. బీపీ పడిపోయిన రోజు నర్సు పేరు పెట్టి పిలిచి ఎలా ఉందని అడిగితే, మునెమ్మక్క కళ్లు తెరవకుండానే "పర్వాలేదమ్మా" అనింది.