బుజ్జి ఎలుగయ్య గొంతు మా హేమది

నిన్న మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. మా హేమ అద్దెకుండే ఇంటి ఓనరమ్మ.

"హేమ చనిపోయిందమ్మా. గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పినాడు."

ఏ హేమ అని అడిగాను.

రెండుసార్లు అడిగాను.

హేమ మా అన్న కూతురు. నలభై ఒక్క ఏళ్లు. అన్న పోయాక పదో తరగతి దాకా మదనపల్లెలో నా దగ్గరే చదివింది. లెక్కలు నేనే చెప్పాను. స్కూల్లో పిల్లలకు చెప్పినట్టే, కొట్టి చెప్పాను.

మీలో చాలామందికి ఆమె మొహం తెలియదు. గొంతు తెలుసు. మీ ఇళ్లలో పిల్లలకు ఇంకా బాగా తెలుసు. టీవీలో బుజ్జి ఎలుగయ్యకు మాట ఆమెదే.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. మొదట వచ్చింది లారీ ఎలుగయ్య కార్టూన్. పెద్ద మీసాల ఎలుగుబంటి, లారీ డ్రైవర్. అది బాగా నడిచిందని కంపెనీ వాళ్లు అందులో జంతువులన్నిటినీ చంటిపిల్లలను చేసి ఇంకో కార్టూన్ తీశారు. ఎలుగు, నక్క, కొంగ, అందరూ డైపర్లు కట్టుకుని ఒకే అంగన్‌వాడీలో ఉంటారు. రికార్డింగ్ చెన్నైలో. ట్రైన్‌కు సులభమని హేమ కుప్పంలో ఇల్లు తీసుకుంది.

మొదటి ఎపిసోడ్ నాకు చూపించడానికే మదనపల్లె వచ్చింది. నేను నోట్‌బుక్ పెట్టుకుని చూశాను. పదకొండు తప్పులు రాశాను.

"పెద్ద కార్టూన్‌లో నక్క, ఎలుగు చెక్‌పోస్టు దగ్గర మొదటిసారి కలుస్తారు. అప్పటికే లారీ తోలే వయసు. మరి ఒకే అంగన్‌వాడీలో ఎట్లా పెరిగినారు?" అన్నాను.

"నన్నడిగితే ఎట్లత్తా. నాకిచ్చింది ఏడుపు, నవ్వు, అంతే."

"తొమ్మిది నెలల బిడ్డకు మీసాలేంది?"

"మీసాలు లేకపోతే యాడ గుర్తుపడతారత్తా పిల్లోళ్లు? నువ్వైనా గుర్తుపడతావా?"

నాకు గొంతు వింటే చాలు అన్నాను.

ఆ చంటి గొంతుతోనే నన్ను ఆటపట్టించేది. ఒకసారి బ్యాంకు క్యూలో ఉండగా ఫోన్ చేసింది. పొరపాటున స్పీకర్ నొక్కాను. "అవ్వా, తడిపేసినా, డైపర్ మార్సు" అని ఏడుపు. క్యూ అంతా నా వైపు తిరిగింది. నా ముందున్న పెద్దాయన "బిడ్డ యాడుండాది తల్లీ" అని కుర్చీల కింద వంగి చూశారు.

ఆ రోజే రూల్ పెట్టాను. ఫోన్‌లో ఆ గొంతు వినిపిస్తే కట్ చేస్తాను, సొంత గొంతుతో చేస్తేనే మాట్లాడతాను అని.

తర్వాత మూడుసార్లు చేసింది. మూడుసార్లూ కట్ చేశాను. ప్రతిసారీ రెండు నిమిషాలకు మళ్లీ చేసి, "యాల అంత కోపం టీచరమ్మా" అని నవ్వేది.

నిన్న ఉదయం పదకొండూ ఇరవైకి చేసింది.

సన్నటి గొంతు. "అత్తా... ఒకసారి వస్తావా."

నాలుగోసారి అనుకున్నాను.

"నీ గొంతుతో మాట్లాడు, అప్పుడు వస్తా. పొయ్యి మీద ఎసరుండాది" అన్నాను.



"సరే అత్తా" అంది.

కట్ చేశాను. ఇరవై ఆరు సెకండ్లు. ఫోన్‌లో ఇంకా కనబడుతోంది.

రెండు నిమిషాలు చూశాను. మళ్లీ రాలేదు. నేనూ చేయలేదు. అన్నం వార్చి, తిని, గిన్నెలు కడుక్కున్నాను.

సాయంత్రం హేమను పుంగనూరుకు, వాళ్లమ్మ దగ్గరికి తీసుకొచ్చారు. మా వదిన ఇప్పటికీ నన్ను పాపా అనే పిలుస్తుంది. హేమ ఫోన్‌లో చివరి నంబర్ నాదేనని ఎవరో చెప్పినట్టున్నారు.

"నీకు ఫోన్ చేసిందంట కదా పాపా. ఏమనింది?"

"బాగుండావా అని అడిగింది వదినా."

ఇతరుల తప్పులు ఎంచుతూ బతికినదాన్ని. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో.

ఈ రోజు పొద్దున అన్నీ అయిపోయి వదిన ఇంటికొచ్చి కూర్చున్నాం. పక్కింట్లో పిల్లలు టీవీ పెట్టారు. గోడ అవతలి నుంచి బుజ్జి ఎలుగయ్య.



నోట్‌బుక్ లేకుండా వినడం నాకు అదే మొదటిసారి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు కూడా ఆ గొంతు అడుగున నవ్వు ఉంది. దాచుకున్నా దాగని నవ్వు. హేమ నవ్వు.

నిన్న నాకు వచ్చిన గొంతులో అది లేదు.

అది ఎవరినీ ఆటపట్టించే గొంతు కాదు. ఊపిరి చాలని మనిషి గొంతు.

అక్కడే వదినకు చెప్పేశాను. వస్తావా అని అడిగిందని. నేనేమన్నానో కూడా.

"దానికి అదేమనింది?"

"సరే అత్తా అనింది."

"ఇంకేమీ అనలేదా?"

"నేను కట్ చేసినాను వదినా."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అంతలో పక్కింటామెకు మా ఇంట్లో చావు సంగతి గుర్తొచ్చినట్టుంది, టీవీ ఆపేసింది. వదిన గోడ వైపు చూసింది.

"ఆపొద్దని చెప్పుపో పాపా. రోంత పెద్దగా పెట్టమను."

పోయి చెప్పాను. నా వల్ల అయిన పని అదొక్కటే.

పదకొండో రోజు పుంగనూరులోనే. వచ్చేవాళ్లు పిల్లలను కూడా తీసుకురండి. ఆ గొంతు తెలిసినవాళ్లను చూడాలని ఉందంటోంది వదిన.

హేమా, గొంతు వింటే చాలన్నాను. విని కూడా గుర్తుపట్టలేదు. మీసాలు కావలసింది పిల్లోళ్లకు కాదు, నాకు.

పోయిరా తల్లీ. ఊపిరికి కరువు లేని చోట నెమ్మదిగా ఉండు.