పెద్దకోడలి కోసం ప్రార్థన

మా ఇంట్లో పనికిరాని నోళ్ళు రెండున్నాయి. ఒకటి టీవీది, రెండోది నాది. టీవీ నోరు నొక్కడానికి రిమోట్ ఉంది, అందుకని దానికే మర్యాద ఎక్కువ. అలాంటి టీవీకే ఒకరోజు ముప్పొచ్చింది.

నేను రేపల్లెలో ఆటో తోలుతాను. సాయంత్రం ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుంటే అన్నం కంచంలోకి వచ్చిందో లేదో కూడా చూడను. ఓ రోజు మా ఆవిడ తెరకి అడ్డంగా నిలబడింది.

"ఇన్నేళ్ళు చూశారు కదా, దీనివల్ల మీకు ఒరిగిందేంటండీ?"

"కాస్త పక్కకి జరుగు, చెబుతాను."

"నెల రోజులు టైమిస్తున్నాను. చూసినదాంట్లోంచి ఇంటికి పనికొచ్చేది ఒక్కటి చూపించండి. లేదంటే బాపట్లలో మా చెల్లెలికి ఇచ్చేస్తాను."

మా ఆవిడ ఇస్తానంటే ఇచ్చేసినట్టే. నా రెండో స్కూటరు అలాగే వెళ్ళింది.

ఆ రాత్రి నుంచి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఏడో తరగతిలో వదిలిన పెన్సిలు అది. నోటుపుస్తకం కోసం ఇల్లంతా వెతికితే ఒక్కటే దొరికింది, శుక్రవారం మా ఇంట్లో జరిగే కూడికలో ప్రార్థనావసరతలు రాసుకునేది. ఎవరికి జ్వరం, ఎవరికి ఉద్యోగం కావాలి, ఎవరి బిడ్డకి పరీక్షలు, అన్నీ అందులో ఉంటాయి. వాటి జోలికి పోకుండా వెనక పేజీ నుంచి రాయడం మొదలుపెట్టాను. అట్టలు ఎప్పుడో ఊడిపోయాయి కాబట్టి ఆ పుస్తకానికి రెండు వైపులా మొదలే అన్న సంగతి నాకు తట్టలేదు.

వంటల కార్యక్రమం: ఉప్పు 'రుచికి సరిపడా' అంటారు, ఎంతో చెప్పరు. ఉపయోగం: తెలియనప్పుడు ఇలా తప్పించుకోవచ్చు. మర్నాడే వాడాను. "భట్టిప్రోలుకి ఎంతసేపు పడుతుంది బాబాయ్?" అని ఒకమ్మాయి అడిగితే "దూరానికి సరిపడా" అన్నాను. దిగిపోయి వేరే ఆటో ఎక్కింది.

వాతావరణం: నిజాంపట్నం వైపు జాలర్లు వేటకి వెళ్ళొద్దన్నారు. ఉపయోగం: నేను వెళ్ళలేదు.

డాక్టరు గారు: నడుం నొప్పికి వెనకాల దిండు పెట్టుకోవాలి. పెట్టుకున్నాను, తగ్గింది. పరుగున వెళ్ళి మా ఆవిడకి చూపించాను. "ఆ దిండు పెట్టుకోమని నేను రెండేళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను, అది లెక్కలోకి రాదు" అంది.

అయినా ఒకటి నిజం చెప్పాలి. పెన్సిలు పట్టుకుని చూస్తే టీవీ వేరేగా కనబడుతుంది. ఊరికే చూసేవాడికి సీరియల్లో ఏడుపు కనబడుతుంది. రాసుకునేవాడికి ఆ ఇంట్లో ఎవరూ తలుపులు వెయ్యరనీ, అందుకే అన్ని రహస్యాలూ అందరికీ తెలిసిపోతున్నాయనీ తెలుస్తుంది. ఆ రోజు నుంచి మా తలుపు గడియ నేనే వేస్తున్నాను.

మూడో శుక్రవారం కూడికకి పాస్టరుగారి భార్య, మేము అమ్మగారంటాం, మామూలుగానే వచ్చారు. మా ఆవిడ వంటింట్లో టీ పెడుతోంది. అమ్మగారు పుస్తకం తీసుకుని, నా వైపు నుంచి తెరిచి, గట్టిగా చదివారు.

"పెద్దకోడలు మెట్ల మీంచి పడింది. తలకి దెబ్బ. నాలుగు రోజులైనా స్పృహ రాలేదు. తోసింది ఆడపడుచే."

ఇంక ముందుకి చదవలేక కళ్ళొత్తుకున్నారు. అందరూ మోకాళ్ళూనారు. మా ఆవిడ టీ తెచ్చేసరికి ఇల్లంతా ఒకటే ఏడుపు. పక్కింటి పిన్నయితే ఆ ఆడపడుచు మనసు మార్చమని విడిగా ఒక ప్రార్థన చేసింది.

"ఎవరు బాబూ ఆ అమ్మాయి?" అన్నారు అమ్మగారు.

నిజం చెబితే టీవీ బాపట్ల. "నా ఆటో ఎక్కేవాళ్ళ బంధువండి" అన్నాను.

"ఏ ఆసుపత్రి?"

రేపల్లె అంటే నడిచి వెళ్ళిపోతారు. "తెనాలండి."

"నీ ఆటో ఉందిగా. రేపు పొద్దున్నే వెళ్దాం."

శనివారం పొద్దున అమ్మగారు, పిన్ని, మా ఆవిడ వెనక సీట్లో సర్దుకున్నారు. స్పృహలేని మనిషి కోసం పిన్ని ఫ్లాస్కులో రాగిజావ కాచి తెచ్చింది. నేను దారిలో కనబడ్డ ప్రతి గేదెకీ దారిచ్చుకుంటూ తోలాను.

"అత్తగారెలాంటిది అబ్బాయ్?" అంది పిన్ని.

"ఏ అత్తగారు పిన్నీ? మొదట ఉన్నావిడని మార్చేశారు. ఇప్పుడు వేరే ఆవిడ."

"అత్తని మార్చడమేంటి? కొడుకు ఊరుకున్నాడా?"

"వాడు గమనించలేదు."

"అయ్యో, ఎలాంటి కొంపలో పడింది! పెళ్ళైనా సరిగ్గా చేశారా?"

"మూడు వారాలు చేశారు. తాళి కట్టబోతే కరెంటు పోయేది, మళ్ళీ మర్నాడు మొదలు."

అద్దంలో చూస్తే మా ఆవిడ కళ్ళు చిన్నవవుతున్నాయి.

అమృతలూరులో ఆపమన్నారు అమ్మగారు. "పేరు లేకుండా ఆసుపత్రిలో ఎలా అడుగుతాం? పేరు చెప్పు బాబూ."

"అమ్మగారండీ... ఆవిడ టీవీలో ఉందండి."

"వార్తల్లో వచ్చిందా?"

"లేదండి. ఏడున్నరకి వస్తుందండి."

పిన్ని ఫ్లాస్కు మూత తీసి జావ తనే తాగడం మొదలుపెట్టింది. అమ్మగారు కిటికీ లేని ఆటోలో కిటికీ వైపు తిరిగినట్టు తిరిగి కూర్చున్నారు. ఆటో వెనక్కి తిప్పాను. ఇంటికి రాగానే మా ఆవిడ టీవీ వైర్లు పీకి, దుప్పటిలో చుట్టి, మర్నాడు పొద్దున్నే బాపట్లకి తోలమంది. అదీ నా ఆటోలోనే.

ఆ సాయంత్రం ఏడూ ఇరవైకి తలుపు చప్పుడైంది. గడియ తీస్తే గుమ్మంలో అమ్మగారు, వెనకాల పిన్ని.

"ఏం లేదమ్మా," అన్నారు అమ్మగారు మా ఆవిడతో, చూపు దుప్పటి మీద పెట్టి. "ఎవరైతేనేం, ప్రార్థన చేశాక ఆ అమ్మాయికి ఎలా ఉందో కనుక్కోకపోతే బాగోదు కదా."

మా ఆవిడ నన్నొక చూపు చూసి దుప్పటి విప్పింది.

ఏడూ నలభైకి పెద్దకోడలు కళ్ళు తెరిచింది. పిన్ని "స్తోత్రం!" అని లేచి నిలబడింది. వచ్చే శనివారం ఆడపడుచు సంగతి చూద్దామని చెప్పి ఇద్దరూ వెళ్ళారు. టీవీ ఇంక కదలదని నాకు అర్థమైపోయింది.

"చూశావా?" అన్నాను, దిండు వెనక్కి సర్దుకుంటూ. "నా పుస్తకం వల్లే లేచింది."

మా ఆవిడ ఆ పుస్తకాన్ని అవతలి వైపుకి తిప్పి నా ఒళ్ళో పడేసింది.

"ఆవిడ ఒక్కరోజు ప్రార్థనకే లేచిందండీ. ముందువైపు మొదటి పేజీ చూడండి, మొదటి అవసరత మీరే. ఆరేళ్ళయింది రాసి."