పైడిరాజు కూతురు బిగించిన కంప్యూటర్

2022 వానాకాలం. కంచరపాలెంలో రైలు పట్టాలకి దగ్గరగా ఉన్న సందులో నా కంప్యూటర్ రిపేరు షాపుకి అప్పటికి పదకొండేళ్లు. నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో చదివాను. విద్యుత్తు మీద నేను చదివిన మొదటి పుస్తకానికి అట్ట లేదు, ముందు పేజీలు లేవు. అది ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో మాటా నోటుపుస్తకంలో ఎక్కించుకుంటూ నేర్చుకున్నవాడిని. ఆ చదువంటే నాకు గర్వం. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో ఆ గర్వానిది కూడా కొంత తప్పు.

పైడిరాజుది మా సందే. ఒక ప్రైవేటు వర్క్‌షాపులో పంపుల మోటార్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్. మాకు చుట్టరికం ఏమీ లేదు, కానీ ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. ఒక ఆదివారం కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. పావని అప్పుడు తొమ్మిదో తరగతి. చేతిలో లెక్కల నోటుబుక్కు, అందులో ఏ ఏ భాగాలు కావాలో పట్టిక.

"గేమింగ్ కంప్యూటరంట బావా. వీడియోల్లో సూసి రాసీసింది. కొని ఇవ్వను, నువ్వే బిగించుకో అన్నాను."

"నువ్వు ఆడతావేటి అందులో?" అని అతన్నే అడిగాను.

"నాన్న కారు రేసు ఆడతాడంట మావయ్యా," అంది పావని. "స్కూటీ తిన్నగా నడపడం రాదు గానీ."

పైడిరాజు నవ్వాడు. ఆమెను ఎదురు కొట్టుకి టీ తెమ్మని పంపి, గొంతు తగ్గించాడు.

"దీనికి ప్లగ్గు పెట్టమన్నా భయమే బావా. అంతా నానే సెడగొట్టాను. మా వర్క్‌షాపులో వానలప్పుడు పంపు బాడీ ముట్టుకుని ఒకడు నా కళ్ల ముందే పోయాడు. అప్పటికి ఇది పాకుతంది. ఆనాటినుంచి ముట్టుకోకు, ముట్టుకోకు అని ఒకటే పాట. రేపు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ సదివిద్దామంటే, దీని సెయ్యి దేనిమీదికీ పోదు. ఈ పెట్టె బిగిస్తే ఆ భయం పోతాదని నా ఆశ."

అతనికి కావలసింది కంప్యూటర్ కాదని నాకు అప్పుడే అర్థమైంది.

గాజువాకలో మూతబడిన ఒక ఇంటర్నెట్ సెంటర్ సామాను నా దగ్గర ఉంది. అందులోంచి మదర్‌బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎంచాను. మదర్‌బోర్డు అన్ని భాగాలూ కూర్చునే పెద్ద పలక. ప్రాసెసర్ లెక్కలు చేసే చిప్పు. గ్రాఫిక్స్ కార్డు ఆటల బొమ్మలు గీసే పలక. తక్కువ ఖర్చులో ఆటలాడాలంటే ఈ మూడూ పాతవి తీసుకోవచ్చు. కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తదే ఉండాలి. ఈ మాట ఎవరు అడిగినా చెబుతాను.

మూడు ఆదివారాలు నా బల్ల మీద వాళ్లిద్దరూ పనిచేశారు. నేను చెయ్యి పెట్టకూడదని పైడిరాజు షరతు. మొదటి ఆదివారమే పావని ప్రాసెసర్‌ని కాస్త వంకరగా దించింది. ఆ రకం ప్రాసెసర్ కింద సన్నని పిన్నులు వందలకొద్దీ ఉంటాయి. రెండు పిన్నులు ఒరిగాయి. పిల్ల ముఖం పాలిపోయింది. లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొన గొట్టంలో ఒక్కో పిన్నూ దూర్చి నిలబెట్టాను. అది రోజూ చేసే పనే. అక్కడితో ఊరుకోవలసింది. కానీ నాకు తెలిసింది చెప్పకుండా ఉండలేను.

"లోహాలకీ అలసట ఉంటాదమ్మా. మెటల్ ఫెటీగ్ అంటారు. ఒకసారి వంగింది మళ్లీ వంగితే విరిగిపోతాది. ఇక జాగ్రత్త," అన్నాను.

ఆమె తల ఊపింది. ఆ మాట ఆ పిల్లలో ఎంత లోతుకు దిగిందో నేను చూడలేదు.

తరువాత మాత్రం ఒక్క పొరపాటూ లేదు. థర్మల్ పేస్టు, అంటే ప్రాసెసర్ వేడిని పైన ఫ్యానుకి అందించే ముద్ద, బఠాణీ గింజంత పెట్టమంటే సరిగ్గా అంతే పెట్టింది. స్క్రూలు ఒక మూలా దాని ఎదురు మూలా మార్చి మార్చి బిగించడం తండ్రి నేర్పాడు. "పంపు మూతా ఇలగే బిగిత్తాం," అన్నాడు. మూడో ఆదివారం మధ్యాహ్నం స్విచ్చి నొక్కడానికి పావని వేలు ముందుకు పెట్టి, వెనక్కి తీసుకుని, మళ్లీ పెట్టింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద అక్షరాలు వచ్చాయి.

"వచ్చీసింది నాన్నా! నానే! నా సేత్తోనే!"

పైడిరాజు కళ్లు తుడుచుకుని, ఆ వెంటనే ఎలక్ట్రీషియన్ అయిపోయాడు. "మెగ్గర్ కొట్టావేటి బావా దీనికి?"

మెగ్గర్ అంటే మోటారు తీగల మీది ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే పరికరం. తీగకీ బాడీకీ మధ్య ఐదొందల వోల్టులు పెట్టి, కరెంటు బాడీలోకి కారుతోందేమో కొలుస్తుంది. వానలో నిలిచిన మోటారుని మెగ్గర్ కొట్టకుండా ఆన్ చెయ్యడం పైడిరాజు లెక్కలో హత్యతో సమానం.

నేను నవ్వాను. "ఇది మోటారు కాదు బావా," అన్నాను. ఎందుకు కాదో చెప్పలేదు. కొడితే ఏమవుతుందో అసలే చెప్పలేదు. లోహాల అలసట గురించి అడగకుండానే చెప్పినవాడిని, అడిగినదానికి మాత్రం నవ్వి ఊరుకున్నాను.

పెట్టెని ఆ రోజే ఇంటికి తీసుకెళ్లారు. సోమవారం సాయంత్రం పావని బడి నుంచి వచ్చాక, పసుపు కుంకుమ పెట్టి ఇంట్లో ఆన్ చెయ్యాలని అనుకున్నారు. మంగళవారం ఉదయం ఇద్దరూ ఆ పెట్టెని తువ్వాలులో చుట్టి తెచ్చారు. పైడిరాజు నా వైపు చూడలేదు. పావని కళ్లు వాచి ఉన్నాయి.

"అందరూ చూస్తన్నారు మావయ్యా. ఇరుగింటోళ్లు కూడా వచ్చారు. నాను నొక్కితే ఏటీ రాలేదు. ఆ పిన్నే. నాను వంచిన పిన్నే విరిగిపోయింటాది. మీరు చెప్పారు కదా."

"చూడకుండా ఎలా చెబుతాంరా? ఉంచి వెళ్లండి," అన్నాను.

వాళ్లు వెళ్లాక విప్పాను. పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయి. ఆ ప్రాసెసర్‌ని ఇంకో బోర్డులో పెట్టాను, పలకలేదు. మంచి ప్రాసెసర్‌ని ఆ బోర్డులో పెట్టాను, అదీ పలకలేదు. గ్రాఫిక్స్ కార్డుని నా కంప్యూటర్‌లో పెడితే బొమ్మ లేదు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం నిక్షేపంగా ఉంది. పిన్ను విరిగితే ప్రాసెసర్ పోవచ్చు. బోర్డూ, కార్డూ కూడా ఒకేసారి పోవు. బయటి నుంచి పెద్ద వోల్టేజి ఏదో లోపలికి వెళ్లింది. పిడుగు పడితే తప్ప ఇలా చూడలేదు. ఆదివారం రాత్రి వానే గానీ పిడుగుల్లేవు.

మర్నాడు మధ్యాహ్నం పైడిరాజు ఒక్కడే వచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు.

"మెగ్గర్ కొట్టాను బావా."

చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాను.

"సోమవారం పొద్దున్న అది బడికి ఎలిపోయింది. రాత్రంతా వాన, గోడ సెమ్మెక్కిపోయింది. దాని సెయ్యి ఆ ఇనప పెట్టె మీద పడతాదని తలిస్తే నా గుండె ఆగలేదు. వర్క్‌షాపు నుంచి మెగ్గర్ అడిగి తెచ్చాను. ఒక కొస బాడీకి పెట్టాను. రెండో కొస ఎనకాల కంతల్లో పిన్నులకి పెట్టాను. కొన్నిటికి సున్నా సూపించింది. లీకేజీ అనుకుని, మళ్లీ మళ్లీ అన్నిటికీ కొట్టాను."

వెనక ఉన్న పోర్టుల పిన్నుల్లో కొన్ని మామూలుగానే బాడీకి కలిసి ఉంటాయి, సున్నా చూపడం లీకేజీ కాదు. మిగతావి చాలావరకు ఐదు వోల్టులకి మించి ఎరగవు. కొన్ని దారులు నేరుగా ప్రాసెసర్‌లోకే వెళ్తాయి. మోటారుకి ప్రాణం పోసే పరీక్షే వాటికి ప్రాణం తీస్తుంది. ఈ ముక్క ఆదివారం చెప్పి ఉంటే సరిపోయేది.

"పిల్లకి చెప్పావా?"

"ఎలగ సెప్పను? కరెంటు కాడ నాన్నకి తెలీనిది లేదని దాని నమ్మకం. రెండ్రోజులు ఆగు బావా. నానే సెప్తాను. నువ్వు సెప్పకు, నీకు దండమెడతాను."

"అది పిన్ను విరిగిందనుకుంటంది బావా. తనే పాడుచేశాననుకుంటంది."

"రెండ్రోజులే."

ఒప్పుకున్నాను. రెండు రోజులు వారమైంది, వారం నెలైంది. ఈలోగా అతను ఇంకో పాత బోర్డూ, ప్రాసెసర్, కార్డూ నా దగ్గరే తీసుకుని, నన్నే బిగించి ఇమ్మన్నాడు. పావనిని రమ్మని కబురు చేస్తే రాలేదు. నేనే బిగించాను. అది ఇంట్లో చక్కగా పనిచేసింది. మేమిద్దరం చేసిన మంచి పని అదే అనుకున్నాం, కానీ అంతకన్నా చెడ్డ పని లేదు. తను బిగిస్తే పోయింది, మావయ్య బిగిస్తే నడిచింది. పద్నాలుగేళ్ల పిల్ల దానికి ఇంకే అర్థం తీస్తుంది?

ఆ కంప్యూటర్‌ని ఆమె ముట్టుకోలేదని పైడిరాజే చెప్పాడు. దుమ్ము తుడవమన్నా తల్లిని తుడవమనేదట. బడిలో సైన్సు ల్యాబులో కూడా పక్కపిల్ల చేస్తుంటే తను రాసుకునేదట.

పదో తరగతిలో పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షకి దరఖాస్తు చెయ్యనంది. పైడిరాజు మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"నువ్వేదైనా సెప్పు బావా. నీ మాటంటే దానికి గురి."

"నిజం చెప్పనా?"

"ఇప్పుడా? ఏడాదిన్నర దాన్ని ఏడిపించి, ఇప్పుడు సెప్తే నా ముకం సూత్తాదేటి?"

అప్పుడైనా నేను అతని మాట దాటవలసింది. దాటలేదు. పావనిని పిలిచి, ఆ బోర్డే పాతది, దాని ఆయుష్షు తీరింది, నీ తప్పేమీ లేదు అన్నాను. ఆమె నెమ్మదిగా నా ముఖంలోకి చూసింది.

"మీ షాపులో పనిచేసింది కదా మావయ్యా. ఒక్క రోజులో ఆయుష్షు తీరిపోద్దా?"

బల్ల మీద విప్పి ఉన్న కీబోర్డు మీదికి తల వంచాను. ఆమె ఇంటర్‌లో సీఈసీ తీసుకుంది. కామర్స్ చదవడం తప్పేమీ కాదు. ఇష్టపడి చదివేవాళ్లని చాలామందిని ఎరుగుదును. పావని ఇష్టపడి వెళ్లలేదు. చేతులతో పని లేని చోటు వెతుక్కుంది, అంతే.

పోయిన ఏడాది పైడిరాజు వర్క్‌షాపులోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. పోయేలోపు కూతురికి నిజం చెప్పే ఉంటాడేమో అని నాలుగు నెలలు ఆశపడ్డాను. ఈ ఏడాది మొదట్లో పావని ఏదో దరఖాస్తు ప్రింటు తీయించుకోవడానికి వచ్చింది. బట్టల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగం అట. ప్రింటర్ కాగితం లాగుతుంటే వంగి చూసింది, కాగితం కొంచెం ఇరుక్కుంటే మాత్రం చటుక్కున వెనక్కి జరిగింది. ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పాను. మెగ్గర్, చెమ్మెక్కిన గోడ, బుధవారం మధ్యాహ్నం, రెండు రోజుల గడువు, ఏదీ దాచలేదు.

ఆమె చివరిదాకా విన్నది.

"మొదట బోర్డు పాతదన్నారు," అంది. "ఇప్పుడు నాన్న అంటన్నారు."

"అది అబద్ధం, ఇది నిజం తల్లీ."

"నాకు తెలుసు మావయ్యా, మీరు నాకోసమే చెప్తన్నారు. కానీ నాన్న ఇప్పుడు లేడు కదా. లేనోడి మీద పెట్టకండి. కరెంటు దగ్గర మా నాన్న చెయ్యి ఎప్పుడూ తప్పు చెయ్యలేదు."

కోపంగా అనలేదు. నన్నే ఓదారుస్తున్నట్టు అంది. కాగితాలు మడిచి, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నా వృత్తిలో బాగుచేయడం ఒక సగమే. ఎందుకు పాడైందో, ఎవరి వల్ల పాడైందో, ఆ వస్తువుని ప్రేమించిన మనిషికి ఆ రోజే చెప్పడం రెండో సగం. ఇప్పుడు ఏ కుటుంబం వచ్చినా, పెద్దలు కళ్లతో వద్దని సైగ చేసినా, పిల్లల ముందే కారణం చెబుతున్నాను. కొందరు నొచ్చుకుని మళ్లీ రారు. నొచ్చుకోనీ. ఆలస్యంగా చెప్పిన నిజం వినేవాళ్లకి జాలిలాగే ఉంటుంది, జాలిని ఎవరూ నమ్మరు. ఇది నేర్చుకోవడానికి నాకు ఒక పిల్ల చేతుల్లోని ధైర్యం ఖర్చయింది. అది తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

పావని ఆ ఉద్యోగంలో చేరింది. ప్రింట్లు కావాలంటే ఇప్పుడు పక్క సందులో తీయించుకుంటోంది.