ఈ లైను, ఏ లైను

ఇంగ్లీషు అక్షరాల్లో ఎ, ఇ అనే రెండింటి మీద నాకు ఇప్పటికీ కోపమే. మిగతా ఇరవై నాలుగూ ఉన్నాయి కదా, వాటితో సరిపెట్టుకోకూడదా?

బెంగళూరు కాడుగోడిలో మా అపార్ట్‌మెంటు వెనక పెద్ద ఖాళీ స్థలం ఉంది. ఎవరిదో తేలక ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంది. వానాకాలంలో అందులో నడుమెత్తు గడ్డి పెరుగుతుంది. మార్చి వచ్చేసరికి ఎండిపోయి, గాలి తగిలితే చాలు గలగలమంటుంది. దానికి అవతల పనివాళ్ళ కోసం కాంట్రాక్టరు వేసిన రేకుల ఇళ్ళు. మొత్తం ఐదు వరసలు. వరసకొక అక్షరం చొప్పున ఎ నుంచి ఇ దాకా రేకుల మీద పెయింటుతో రాసి ఉంటుంది. ఎ లైను రోడ్డు పక్కన, ఇ లైను గడ్డిని ఆనుకుని. అక్కడుండేవాళ్ళలో ముప్పాతిక మంది తెలుగువాళ్ళే, కదిరి వైపు నుంచి కొందరు, మహబూబ్‌నగర్ నుంచి కొందరు. మా ఇంట్లో వంట చేసే ఆమెది కదిరి. ఆమె కాపురం ఇ లైనులో, నాలుగో ఇంట్లో.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు నేను ఇంట్లోంచే ఆఫీసు మీటింగులో ఉన్నాను. మా వాట్సాప్ గ్రూపు మోగడం మొదలైంది. వెనక గడ్డి అంటుకుంది, కిటికీలు మూసుకోండి అని ఒకరు. మూసుకుంటే ఊపిరాడదు, కిందికి దిగండి అని ఇంకొకరు. దిగకండి, బేస్‌మెంటంతా పొగే అని మరొకరు. బిల్డింగు ఖాళీ చేయాలా వద్దా అని ఎవరో అడిగితే నలుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు, ఒకాయన దండం బొమ్మ పంపాడు. నేను పాస్‌పోర్టులు సంచిలో పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. ఎందుకో తెలియదు, మిక్సీ జారు కూడా పెట్టాను.

వంటామె బాల్కనీలో నిలబడి ఉంది. మాది పదకొండో అంతస్తు, అక్కడి నుంచి అంతా స్పష్టంగా కనిపిస్తుంది. నేను కళ్ళజోడు తుడిచి పెట్టుకునేలోపే మంట ఒక వేపచెట్టును దాటేసింది. గాలివాలుకు పొగంతా పోయి రోడ్డు పక్కనున్న ఎ లైను మీద పడుతోంది. మంట మాత్రం ఇ లైను వెనకవైపుకు పాకుతోంది. కింద ఉన్నవాళ్ళకు పొగ తప్ప మంట కనిపించే దారి లేదు.

"మా ఆయన పండుకోనుండాడక్కా," అంది.

రాత్రంతా కాంక్రీటు పని చేసి పొద్దున వచ్చి పడుకున్నాడట. ఎవరూ లేపకుండా రోజూ బయట తాళం వేసి వస్తుందట. తాళంచెవి కొంగుకు కట్టి ఉంది. దాన్ని పిడికిట్లో పట్టుకుని నా వైపు చూసింది.

"ఆయనకు ఫోన్ చెయ్యి మరి!"

"ఫోను ఈడనే ఉండాదక్కా, నా బ్యాగులో. మోగితే లేస్తాడని నేనే తెచ్చినా."



సరిగ్గా అప్పుడే మా అసోసియేషన్ కార్యదర్శి ఫోన్ చేశాడు. షెడ్ల మేస్త్రీ దగ్గర పనికి పిలిచే మైకు ఉంది, కానీ అతనిది అత్తిబెలె అవతల తమిళ ఊరు, తెలుగు రాదు. మీరు తెలుగులో హెచ్చరిక రికార్డు చేసి పంపితే మైకులో వినిపిస్తాడు, త్వరగా మేడమ్, అన్నాడు.

నా తెలుగు మీద నాకు మొదటి నుంచీ కాస్త పొగరు. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచినదాన్ని. గొంతు సవరించుకుని, ప్రతి మాటా ఒత్తి పలికాను. "అందరూ శ్రద్ధగా వినండి. మంట ఈ లైను వైపు వస్తోంది. ఈ లైను వాళ్ళు వెంటనే ఇళ్ళు ఖాళీ చేసి ఏ లైను వైపు వెళ్ళండి. ఈ లైనులో నాలుగో ఇంటికి తాళం వేసి ఉంది, లోపల మనిషి ఉన్నాడు. తాళం పగలగొట్టండి." పంపేశాను. అంత కంగారులోనూ బాగా చెప్పాననిపించింది.

మైకు ఎ లైను మొదట్లో, కొట్టు ముందు ఉంటుంది. దాని మోత పైకి లీలగా వినిపించింది. ఎ లైనులోంచి జనం బిలబిలమంటూ బయటికొచ్చారు. రెండడుగులు వేస్తే రోడ్డు. వాళ్ళు రోడ్డు వదిలేసి, చంటిపిల్లల్ని ఎత్తుకుని, ఇ లైను వైపు పరుగు పెట్టారు. మంటకు ఎదురుగా! ఇద్దరు మగవాళ్ళు ఎ లైనులోనే ఉండిపోయి ఏదో తలుపు తాళాన్ని రాయితో బాదుతున్నారు. నాకేమీ అర్థం కాలేదు. వీళ్ళకేమైనా మతి పోయిందా అని గట్టిగా తిట్టాను కూడా.

వంటామె షెడ్లలో తన పక్కింటామెకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"యాడుండావ్‌మే?"

"ఇంటి కాడనే. అందరూ ఈడికే వస్తాండారు. ఏ లైనుకో పొమ్మన్యారంట."

నేను మధ్యలో దూరాను. "అవునమ్మా, ఏ లైనుకే!"

"అదేక్కా, ఏ లైనుకు?"

"ఏ లైనుకమ్మా, ఏ లైనుకు!"

"అయ్యో, ఏ లైనుకో చెప్పకుండా మమ్మల్నడుగుతావేంది?"

ఇద్దరం అరుచుకుంటున్నాం. నేను చెబుతున్నానో అడుగుతున్నానో నాకే తెలియకుండా పోయింది. అంతలో ఆ ఫోను కట్టయింది. వంటామె నా మొహంలోకి చూసింది.

"నువ్వు ఈ లైనంటే, ఎవురు యాడ నిలబడుకోనుంటే ఆ లైననుకుంటారు గదక్కా! మేమట్ల అనం. మాది కుళాయి లైను. రోడ్డు పక్కది కొట్టు లైను." నా చేతిలోంచి నా ఫోను లాక్కుని తనే రికార్డు చేసింది. "కుళాయి లైనోళ్ళంతా బయటికి రాండప్పా! మంట మీ యెనకాలే ఉండాది! కొట్టు కాడికి పోండి, రోడ్డుకు పోండి! కుళాయి కాడ నాలుగో ఇంట్లో మా ఆయన ఉండాడు, నేనే తాళమేసినా, పగలగొట్టండప్పా, మీకు దండం పెడ్తా!"

నేను దాన్ని పంపేలోపు ఆమె మెట్ల మీద ఉంది. లిఫ్టులు ఆపేశారు. పదకొండు అంతస్తులూ ఆమె వెనకే దిగాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఎవరూ బయటికి వెళ్ళకూడదని కన్నడంలో చేతులు అడ్డం పెట్టాడు. ఆమె అతన్ని తోసుకుని వెళ్ళిపోయింది. నేను క్షమించమని కన్నడంలో చెప్పబోయి తెలుగులో చెప్పి పరుగెత్తాను.

మేము వెళ్ళేసరికి జనమంతా రోడ్డు మీద ఉన్నారు. ఫైరింజన్ వచ్చి నీళ్ళు కొడుతోంది. ఇ లైను వెనక రేకులు నల్లబడి, వంగిపోయి ఉన్నాయి. ఆమె ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ గుంపులోకి దూరింది.

అతను కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్ళి అతని భుజం మీద రెండు దెబ్బలు వేసి, ఆ భుజం మీదే పడి ఏడ్చింది. రెండోసారి మైకులో ఆమె గొంతు వినగానే పక్కింటివాళ్ళు తాళం పగలగొట్టారట. అప్పటికే వెనక రేకు చెయ్యి పెట్టలేనంత కాలిపోతోందట.

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "నేను చెప్పింది ఎవరికీ అర్థం కాలేదు, తప్పు నాదే," అన్నాను.

"లేదు మేడమ్, మీరు సరిగ్గానే చెప్పినారు," అన్నాడు అతను, నన్ను ఓదారుస్తున్నట్టుగా. "నాకు మొదటిసారే అర్థమైంది. రేకుల మీద ఆ అక్షరాలు రాసింది నేనే. మీరు చెప్పంగానే లేసినా. అరిచినా, తలుపు బాదినా. ఆ గోలలో ఎవురికీ వినపళ్ళే."

సరిగ్గా చెప్పానో తప్పుగా చెప్పానో నాకు ఈ రోజుకీ తేలలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని కొంగు ముడి విప్పింది. ఇంకెప్పుడూ తన దగ్గర ఉంచుకోనంటూ తాళంచెవి అతని చేతిలో పెట్టింది. తలుపు బాది బాది అతని రెండు చేతులూ వాచి, తోలు లేచిపోయి ఉన్నాయి. పట్టుకుందామంటే అతనికి వేళ్ళు ముడుచుకోలేదు.