ఖుర్సీపార్‌లో బాస్క్ కూటమి

మొన్న పొద్దున్న ఎండలో కుర్చీ వేసుకుని ఫోనులో వార్తలు పైకి తోసుకుంటూ పోతుంటే ఒకచోట నా వేలు దానంతటదే ఆగిపోయింది. స్పెయిన్ దేశానికి ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డున ఉన్న బాస్క్ ప్రాంతంలో ఎన్నికలు జరిగాయనీ, అక్కడి వామపక్ష జాతీయవాదుల కూటమి మునుపెన్నడూ లేనన్ని స్థానాలు గెలిచి, ఏళ్ల తరబడి పాలిస్తున్న పాత పార్టీ భుజానికి భుజం ఆనించి నిలబడిందనీ నాలుగే నాలుగు వాక్యాలు. భిలాయిలో రిటైరైన ఉక్కు కార్మికుడికి ఆ వార్తతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. నా ఈడువారు, ఆ రోజుల్లో ఖుర్సీపార్ వీధుల్లో తిరిగినవారు మాత్రం అడగరు. ఒక శీతాకాలమంతా ఆ పేరు అక్కడి టీకొట్లలో నానింది, నానబెట్టినవాణ్ణి నేనే.

నేను చదువుకున్నది పదో తరగతి, ఆపైన ఐటీఐ. మిగతా చదువంతా సెక్టర్ 4లో మా క్వార్టరుకు దగ్గరగా ఉన్న గ్రంథాలయం పెట్టిన భిక్ష. పొద్దుటి షిఫ్టు దిగి స్నానం చేసి, అన్నం తిని, ఇంట్లోవాళ్లు కునుకు తీసే వేళ అక్కడికి పోయి కూర్చునేవాణ్ణి. ఒక పక్కన ఇంగ్లీషు పత్రిక, ఇంకో పక్కన నిఘంటువు, ఎదురుగా మూలలు నలిగిన అట్లాసు. తెలియని దేశం పేరు కనబడితే దాన్ని పటంలో పట్టుకునేదాకా పేజీ తిప్పేవాణ్ణి కాదు. అలా ఒకనాడు పట్టుబడింది బాస్క్ ప్రాంతం. ఇనుప ఖనిజం ఉన్న కొండలు, నది ఒడ్డున ఉక్కు కొలిములు, కొలిముల చుట్టూ కార్మికుల వాడలు అని చదివేసరికి నాకు అది మేనమామగారి ఊరులా అనిపించింది. ఆ తొంభైల దశాబ్దంలోనే అక్కడి కొలిములు ఆరిపోయాయన్న మాట చదివిన రోజున మా బ్లాస్ట్ ఫర్నేసుల పొగవైపు కొంచెం ఎక్కువసేపే చూశాను.

వాళ్ల భాషకు చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేదట. నియంత పాలనలో బళ్లలో ఆ భాష మాట్లాడనిచ్చేవారు కాదట, అప్పుడు ఆడవాళ్లు ఇళ్లల్లోనే గుట్టుగా పిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారట. కూలి గురించి కొట్లాడేవాళ్లూ, భాష గురించి కొట్లాడేవాళ్లూ ఒకే కూటమిలో చేరడం నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. వాళ్ల వెనకాల తుపాకీ నీడ ఉందని, ఆ తుపాకీ చాలామందిని పొట్టన పెట్టుకుందని కూడా చదివాను, అది మాత్రం నాకు మింగుడు పడలేదు. అయితే తొంభై ఎనిమిదిలో సాయుధులు కాల్పులు ఆపుతామని ప్రకటించారు, ఆ వెంటనే వచ్చిన ఎన్నికల్లో కూటమి ఎన్నడూ లేనంతగా పైకి లేచింది. తుపాకీ ఆగితే ఓటు లేచింది అని నేను నా మటుకు ఒక సూత్రం కట్టుకుని, మరుసటి ఏడు దాన్ని జేబులో పెట్టుకుని సైకిలెక్కి ఖుర్సీపార్ పోయాను.

ఖుర్సీపార్‌లో మా అప్ప ఉండేది. అక్కను మావైపు అప్ప అంటాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ప్లాంటు పనికి వచ్చినవాళ్ల ఇళ్లు అక్కడ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. వాటి మధ్య మునిసిపాలిటీ జాగాలో రెండు గదుల తెలుగు బడి. మా నాన్న తరంవాళ్లు రేకులూ ఇటుకలూ మోసి కట్టుకున్న ఆ బడిలో అప్ప పాఠాలు చెప్పేది. జీతం ఏదో నామమాత్రం. అయినా పొద్దున్నే జడ వేసుకుని, రెండు సుద్దముక్కలు కొంగున ముడేసుకుని ఆమె నడిచిపోతుంటే పెద్ద ఉద్యోగానికి పోతున్నట్టే ఉండేది. ఆ జాగా ఖాళీ చేయాలని, అక్కడ దుకాణాల వరుస వస్తుందని మునిసిపాలిటీ నోటీసు అంటించింది. వార్డు మెంబరు మనవాడైతే ఆపగలడు, కాకపోతే లేదు. అప్పటికింకా రాష్ట్రం విడిపోలేదు, మాది మధ్యప్రదేశే, మునిసిపల్ ఎన్నికలు దగ్గర పడ్డాయి, మా వార్డు ఆడవాళ్లకు కేటాయించారు. అందుకని అప్పనే నిలబెడదామన్నాను.

అయితే మా వాడలో తెలుగువాళ్ల ఓట్లు రెండు మూటలుగా కట్టి ఉండేవి. ఒకటి మా చిన్నాన్నది. ఆయన లేబరు కాంట్రాక్టరు, అమ్మవారి గుడి కమిటీకి, తెలుగు సమాజానికి పెద్ద, నాలుగు లారీల యజమాని. రెండోది మా బావది, అంటే అప్ప పెనిమిటిది. ఆయన జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ, ఎర్రజెండా సంఘం మనిషి. ఆయన సంఘం ఆపేది ఎవరి లారీలనయ్యా అంటే మా చిన్నాన్న లారీలనే. పెళ్లిళ్లలో కూడా ఇద్దరూ రెండు పంక్తులు ఎడంగా కూర్చునేవారు.

వాళ్లిద్దరినీ అప్ప బడిలో ఒక చోట చేర్చి బాస్క్ సంగతంతా చెప్పాను. చిన్నాన్న మీసం కింద నవ్వుకుంటూ అంతా విని, "ఆ బాస్కోళ్లెవరో గాని మనోళ్లలాగే ఉన్నార్రా, ఇద్దరుంటే మూడు సంఘాలు పెట్టీసే రకం" అన్నాడు.

బావ మాత్రం నవ్వలేదు. "అక్కడ తుపాకులోళ్లు ఆపారు కాబట్టి ఓట్లు పడ్డాయంటావు, బాగానే ఉంది. మన దగ్గర తుపాకులేటున్నాయి? మీ చిన్నాన్న లారీలు తప్పితే!" అన్నాడు.

"లారీలే అనుకో. ఓట్లయ్యేదాకా నువ్వు లారీలు ఆపకు, చిన్నాన్న మీ మనుషుల్ని పనిలోంచి తియ్యకూడదు. అదే మన సంధి" అన్నాను. గ్రంథాలయంలో నేర్చిన తెలివి ఒక్కసారిగా ఫలించినట్టనిపించి నా గొంతు నాకే గంభీరంగా వినబడింది.

సంధికి ఒట్టు కావాలి కదా. అమ్మవారి ముందు పసుపు ముట్టుకుని ఒట్టు వేద్దామన్నాడు చిన్నాన్న. "అమ్మోరి ముందు ఒట్టెయ్యడానికి నేనేటి మొక్కుబడికొచ్చానా?" అని బావ లేచిపోబోయాడు. పోనీ జెండా మీద అంటే, "ఎర్రజెండా ముట్టుకున్నానంటే మీ పిన్ని నన్ను గుమ్మం తొక్కనివ్వదురా" అన్నాడు చిన్నాన్న. అప్పటిదాకా మూల కూర్చుని పిల్లల పలకలు తుడుస్తున్న అప్ప లేచింది. "అమ్మోరూ వద్దు, జెండా వద్దు. ఇద్దరూ ఇలా రండి. ఈ బోర్డు మీద చేతులెయ్యండి. ఇది ఉంటాదో ఊడతాదో మీ ఇద్దరి చేతిలోనే ఉంది" అంది. బల్ల అంచున పేరుకున్న సుద్దపొడి అంటిన వాళ్ల చేతులు నల్లబల్ల మీద రెండు తెల్లని ముద్రలు వేశాయి. అప్ప చాలా రోజులు వాటిని తుడవకుండా, పాఠం వాటి పక్కనే రాసేది.

ఆ తర్వాతి రోజులను తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లో కాస్త వెచ్చగా ఉంటుంది. గుడి కమిటీవాళ్ల మైకు, సంఘంవాళ్ల డప్పు ఒకే ఊరేగింపులో నడిచాయి. అప్పకు గొడుగు గుర్తు వచ్చింది. మా పిన్ని ఇంటింటికీ తిరుగుతూనే, "శీతాకాలం ఓట్లకి గొడుగేటే అమ్మా, దుప్పటి గుర్తు దొరకలేదేటి?" అని అప్పను ఏడిపించేది. కరపత్రం రాసే పని నాది. భిలాయిలోనూ దుర్గ్‌లోనూ తెలుగు అచ్చు దొరకక, విజయనగరంలో వేయించి రైల్లో తెప్పించాను. నా జీవితంలో రాసిన మంచి వచనం ఏదైనా ఉందంటే అదే. తల్లిభాష గురించి, బాస్క్ తల్లుల గురించి, ఉక్కు మోసిన చేతుల గురించి రెండు వైపులా నిండుగా రాశాను.

పంచిన మొదటి సాయంత్రమే ఒక ఇంటి ముందు మా దూరపు చుట్టాల కుర్రాడు, ఓటు వచ్చి రెండేళ్లయినవాడు, కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి, ఇందులో ఏం రాసుందని హిందీలో మర్యాదగా అడిగాడు. "మామా, ఇస్‌మే లిఖా క్యా హై?" తర్వాతి ఇంట్లోనూ అదే, ఆ తర్వాతి ఇంట్లోనూ అదే. ముసలివాళ్లు చదవగలరు గాని వాళ్లకు చూపు ఆనదు. చూపు ఉన్నవాళ్లకు అక్షరాలు రావు. అప్ప నా చేతిలోంచి కట్ట తీసుకుని, ప్రతి గుమ్మం ముందూ కూర్చుని, బడిలో చదివినట్టే గట్టిగా చదివి, అర్థం హిందీలో చెప్పింది. తెలుగు బడిని నిలబెట్టండని హిందీలో ఓటు అడుగుతున్న అప్పను చూస్తూ నేను సైకిలు పట్టుకుని వీధి చివర నిలబడ్డాను.

అయినా ఆశ చావలేదు. ఓట్లకు ఇంకా కొద్ది రోజులున్నాయనగా, షిఫ్టు దిగి ఎప్పటిలాగే గ్రంథాలయానికి పోయి పత్రిక తెరిచాను. లోపలి పేజీలో మూలన, బాస్క్ సాయుధులు కాల్పుల విరమణను ముగిస్తున్నట్టు ప్రకటించారన్న వార్త. తప్పు మీదంటే మీదని రెండు పక్షాలూ అనుకుంటున్నాయట. ఆ వార్తను రెండుసార్లు చదివి, నిఘంటువు తెరిచి, తెలిసిన మాటలకే మళ్లీ అర్థాలు వెతికాను. బయటికి వచ్చి ఖుర్సీపార్ దారి పట్టేసరికి రోడ్డుకు అడ్డంగా చిన్నాన్న లారీలు వరసగా ఆగి ఉన్నాయి, వాటి ముందు బావ మనుషులు కూర్చుని ఉన్నారు.

జరిగింది ఇదీ. జాముల్‌లో కొత్త పని దొరికిన చిన్నాన్న దానికి పాతవాళ్లను పిలవకుండా, పల్లెల నుంచి తక్కువ కూలికి వచ్చేవాళ్లను దింపాడు. ఉన్నవాళ్లను తీయలేదు కదా, కొత్త పనికి కొత్తవాళ్లను పెట్టుకున్నాను అని ఆయన వాదన. "నా మనుషుల్ని గేటు బయట నిలబెట్టీసి నన్ను మాట నిలబెట్టమంటే ఎలాగ?" అన్నాడు బావ. "ఓట్లయ్యేదాకా లారీలు ఆపనన్నాడా లేదా? బోర్డు మీద చెయ్యేసింది నేనొక్కణ్ణేనేటి?" అన్నాడు చిన్నాన్న. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, అందుకే ఇద్దరిలో ఎవరూ దిగలేదు. నేను ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగి తిరిగి బాస్క్ పేరు ఎత్తబోతే, బావ చేయి అడ్డం పెట్టి, "ఇంక ఆ ఊసెత్తకు. అక్కడేటైందో నువ్వే చదివొచ్చావు కదా" అన్నాడు. నా మొహం చూసి తెలుసుకున్నాడు కాబోలు. అప్ప ఇద్దరి ముందూ ఒకే మాట అంది. "మీ మాటలు మీరిద్దరూ బాగానే నిలబెట్టుకున్నారు. బడే పడిపోనాది."

ఓట్ల రోజున గుడి కమిటీవాళ్లు ఇళ్లల్లోంచి కదల్లేదు. సంఘంవాళ్లు తమ హిందీ సోదరుల అభ్యర్థికి వేసుకున్నారు. షామియానా కింద గొడుగు బొమ్మ అంటించిన బల్ల దగ్గర నేనూ అప్పా కూర్చున్నాం. మధ్యాహ్నం పిన్ని ఎవరికీ కనబడకుండా టిఫిను డబ్బా తెచ్చి పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఎంత తేడాతో ఓడామన్నది చెప్పుకోదగ్గ సంగతి కాదు. వేసవి సెలవుల తర్వాత బడి మళ్లీ తెరవలేదు. రేకులు విప్పుతున్న రోజున అప్ప వెళ్లి నల్లబల్ల ఒక్కటి అడిగి తెచ్చుకుని వాకిట్లో గోడకు ఆనించింది. బాస్క్‌వాళ్ల గురించి నేను చెప్పినదంతటిలో ఆమె మనసుకు పట్టిన ముక్క ఆ తల్లుల ఇంటి బడి ఒక్కటే. కొన్నాళ్లు సాయంత్రాలు ఆరుగురో ఏడుగురో పిల్లలు వచ్చారు, ట్యూషన్ల వేళలు మారాక ఇద్దరు వచ్చారు, ఒక వానాకాలం తర్వాత ఎవరూ రాలేదు. వానజల్లుకు చెక్క ఉబ్బి, పొరలు లేచిపోయాయి. చేతి ముద్రలు ఎప్పుడు పోయాయో ఎవరమూ గమనించలేదు.

బాస్క్ కూటమి కూడా తర్వాతి ఎన్నికల్లో కూలబడింది, ఆపైన నిషేధాలూ చూసింది. కొన్నేళ్లకు తుపాకీ నిజంగానే నేలకు దిగాక కొత్త కూటమి పుట్టి, మళ్లీ లేచి, ఇవాళ ఇంతదాకా వచ్చింది. ఓడిపోవడంలో వాళ్లూ మేమూ ఒకటే, మళ్లీ లేవడంలో కాదు. చిన్నాన్న పోయాడు, ఆయన లారీలు పోయాయి. బావ ఆ తర్వాత సరైన పని దొరక్క, దగ్గుతో మంచం పట్టి పోయాడు. ఆయన దినకార్యానికి చిన్నాన్న కొడుకులు వచ్చి భోజనం చేసి వెళ్లారు, అంతే సంధి. బడి ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. నా ఫోను కూడా అక్కడే బాగు చేయించుకుంటాను.

వార్త చదివాక అప్పకు ఫోను చేసి చెప్పాను. గెలిచిన స్థానాల మాట ఆమె పట్టించుకోలేదు. "ఆ ఆడోళ్లు ఇళ్లల్లో బడులు పెట్టారన్నావు కదరా, అవున్నాయేటి ఇంకా?" అని అడిగింది. ఉన్నాయంట అప్పా, ఇప్పుడవే పెద్ద బడులైపోయాయంట అన్నాను. "పోన్లే" అంది, తర్వాత నా బీపీ మాత్రల సంగతి అడిగి పెట్టేసింది.

మనసు ఆగక, మా కుటుంబం వాట్సాప్ బృందంలో ఆ వార్తను నా మాటల్లో, కరపత్రం రాసినంత శ్రద్ధగా తెలుగులో రాసి పెట్టాను. అప్ప పిల్లలు, చిన్నాన్న మనవలు, నా పిల్లలు, అందరూ అందులోనే ఉంటారు, ఆ రెండు మూటలూ కలిసిన చోటు ఇప్పుడు అదొక్కటే. ముగ్గురు చప్పట్ల బొమ్మలు పెట్టారు. కాసేపటికి అప్ప మనవడు ప్రేమగానే ఒక మాట పంపాడు. "తాతా, యే హిందీ మే భేజో న."

కళ్లజోడు తుడుచుకుని, నెమ్మదిగా ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ, హిందీలో రాసి పంపాను.